సుత్తి మోత

చెట్ల మేస్త్రి అంటే ఆ చుట్టుపక్కల వీధుల్లో అందరికీ గురి. ఇంటి కప్పు మీదకి వాలిన కొమ్మ కొట్టాలన్నా, గోడని తోస్తున్న చెట్టు తీయాలన్నా ఆయనకే కబురు. వచ్చీ రాగానే రంపం బయటికి తీసే రకం కాదు. చెక్కసుత్తితో మొదలు నుంచి తల ఎత్తు దాకా మాను చుట్టూ కొట్టి, చెవి ఒగ్గి వింటాడు. లోపల గట్టిగా ఉంటే ఒక మోత, పుచ్చిపోయి డొల్లయితే ఇంకో మోత. "ఎక్కు బావా" అన్నాడంటే చెల్లెలి మొగుడు నడుముకి తాడు బిగించుకుని ఎక్కేసేవాడు. ఇరవై రెండేళ్ళు అలాగే గడిచాయి. ఇంటివాళ్ళు టీ ఇస్తే తాగారు, ఇవ్వకపోతే తిట్టుకుంటూ పోయారు, అంతే తప్ప ఒక్కరికీ గోరు ఊడలేదు.

అయితే రంపం మిషను ఊరికే పనిచేస్తుందా? అన్నేళ్ళు పక్కనే అరిచి అరిచి మేస్త్రి చెవుల్ని తినేసింది. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు" అని ఇంట్లో భార్య నవ్వితే ఆయనా నవ్వేవాడు. పనిలో మాత్రం ఆ మాట పొక్కనివ్వలేదు. మోకాళ్ళు ఎప్పుడో పోయాయి, ఎక్కలేడు. వినలేడని కూడా తెలిస్తే ఇక ఆయన దేనికి? అందుకని సుత్తితో కొట్టేవాడు, చెవి ఒగ్గేవాడు, ఆకుని చూసి, బెరడుని చూసి తీర్పు చెప్పేవాడు. ఒట్టి మొండిఘటం. రెండేళ్ళు ఆ మొండితనమే చెల్లింది.

ఆ ఉదయం చెట్టు నిండా ఆకు నిగనిగలాడుతోంది. ఇంటాయన చేతులు కట్టుకుని పక్కనే నిలబడి, "ఏమంటోంది మేస్త్రీ మా చెట్టు?" అన్నాడు వేళాకోళంగా.

మేస్త్రి ఆయన పెదవులు చూసి మాట పోల్చుకున్నాడు. "రాయిలా ఉందండీ" అని, "ఎక్కు బావా" అన్నాడు.

బావ ఒకసారి మాను వైపు, ఒకసారి ఇంటాయన వైపు చూసి ఎక్కాడు. పై కొమ్మ మీద రంపం పెట్టాడో లేదో, సుత్తి కొట్టిన చోటే మాను విరిగి మనిషితో సహా కూలింది. లోపల చెయ్యి దూరేంత డొల్ల. ఆస్పత్రికి చేరకముందే ప్రాణం పోయింది.

పలకరించడానికి వచ్చినవాళ్ళంతా చెట్టునే తిట్టారు. పైకి పచ్చగా ఉండి మోసం చేసిందన్నారు. "నువ్వేం చేస్తావు మేస్త్రీ, రాత" అన్నారు. ఆయన తలూపాడు. నిజం చెబితే ఉన్న ఒక్క చెల్లెలూ దూరమవుతుంది. చెప్పకపోతే ఆమె ముఖం చూడలేడు. రెండు వారాలు అన్నం సయించలేదు.

చివరికి ఒక మధ్యాహ్నం వెళ్ళాడు. చెల్లెలు ఒక్కతే కూర్చుని మొగుడి చొక్కాలు మడత పెడుతోంది. గుమ్మంలో నిలబడే చెప్పేశాడు.

"చెట్టు మోసం చెయ్యలేదమ్మా. నాకే వినబడలేదు. రెండేళ్ళుగా నాకు సుత్తి మోత తెలియడం లేదు. బావని నేనే చంపేశాను."

ఆమె చేతిలో చొక్కా మడత పూర్తిచేసింది. లేచి వచ్చి, ఆయన చెవికి దగ్గరగా నోరు పెట్టి చెప్పింది.

"మీ బావకి తెలుసన్నయ్యా."

ఆయనకి అర్థం కాలేదు.

"నువ్వు చూసిన ప్రతి చెట్టునీ, నువ్వు అటు తిరగ్గానే తను మళ్ళీ కొట్టి చూసుకునేవాడు. నీకు చెప్పొద్దని నా దగ్గర ఒట్టేయించుకున్నాడు. తెలిస్తే చిన్నబోతావని. నేనూ నోరు మూసుకునే ఉన్నాను."

"మరి ఆ రోజెందుకు కొట్టలేదమ్మా?" అన్నాడు.

"ఆ ఇంటాయన పక్కనే ఉన్నాడా?"

తలూపాడు.

"అందుకే అన్నయ్యా. పరాయివాడి ముందు నీ మాట మీద మళ్ళీ కొట్టి చూడ్డానికి ఆయనకి మనసొప్పి ఉండదు."