ముల్లుకి మొహమాటం లేదు

మొన్న మంగళవారం పాల భయ్యా గిన్నెలో పాలు పోయకుండానే గుమ్మంలో నిలబడిపోయాడు. "దీదీ, బాబూజీ నహీ రహే," అన్నాడు. రిటైరయ్యాక రుఆబాంధా పేటలో ఉంటున్న మా అన్నయ్యగారు తెల్లవారుజామున పోయారని నాకలా తెలిసింది.

మాకు చుట్టరికమేమీ లేదు. పెళ్లయి విజయనగరం నుంచి ఈ ఉక్కు ప్లాంటు ఊళ్లో సెక్టర్ 7కి నేనొచ్చిన కొత్తలో పక్క క్వార్టరు వారిది. హిందీ ముక్క రాక కూరలబండి దగ్గర సైగలు చేస్తుంటే, "ఏటి కావాలమ్మా, నాకు చెప్పు," అన్నారు. ఆ పూటనుంచీ ఆయన నాకు అన్నయ్యే, వారావిడ వదినే.

ప్లాంటులో ఆయన కొలిచే పరికరాల విభాగం ఇంజనీరు. కాలే ఉక్కు రంగు చూసి వేడి ఎంతో చెప్పే పరికరం ఆయన చూసుకునేది. అలాంటప్పుడు ఆకు రంగు చూసి పైరు ఆకలి ఎందుకు చెప్పకూడదని ఆయన బుర్రలో పురుగు దూరింది. పైరు ఆకలంటే నత్రజని. అది చాలితే ఆకు ముదురు పచ్చగా ఉంటుంది, చాలకపోతే పాలిపోతుంది. ఈమాత్రం ప్రతి రైతుకీ తెలుసు. కానీ అది కంటికి ఆనేసరికి పైరు సగం నీరసించి ఉంటుంది. ముందే పసిగట్టాలని ఆయన పంతం.

పాత కెమెరాలో వెలుతురు కొలిచే బిళ్ల, దానికి తగిలించిన ముల్లు మీటరు, టార్చి బల్బు, మిఠాయి చుట్టిన ఎర్ర కాగితం, వదిన పౌడరు డబ్బా. ఇదీ సరంజామా. డబ్బాలో ఆకు ఇరికిస్తే ఎర్ర వెలుతురు దానిలోంచి దూరి బిళ్ల మీద పడేది. ఆకు ఎంత పచ్చగా ఉంటే వెలుతురుని అంత మింగేస్తుంది, ముల్లు లేవదు. ఆకలితో ఉన్న ఆకైతే ముల్లు పైకి లేస్తుంది. నా పౌడరు ఏ పొట్లంలో పోసుకోవాలని వదిన దెప్పితే, వరికి కూడా కాస్త సోకు ఉండాలి కదా అనేవారు. ఆకుని చూస్తే తెలీదా, ఈ డబ్బా దేనికని నేనోసారి అడిగాను. "కంటికి మొహమాటం ఉంటాదమ్మా. ముల్లుకి ఉండదు," అన్నారు.

పాల భయ్యాకి రుఆబాంధా అవతల వరిచేను ఉంది. ఏడాది పొడుగునా ఆ ఇంటి తిండి దానిమీదే. నూతి పక్కన చిన్న మడికి అన్నయ్య నిండుగా ఎరువు వేయించి, మిగతా చేను ఆకుల్ని దాని ఆకులతో పోల్చి చూసేవారు. రెండేళ్లు పంట బాగా వచ్చింది. దాంతో భయ్యా అలవాటుగా ఎరువు చల్లడం మానేసి డబ్బా మాట కోసం కాచుకునేవాడు. అంత నమ్మకం నాకైతే మా పంచాంగం మీద కూడా లేదు.

మూడో ఏడు వానలు మధ్యలో ఆగిపోయాయి. చేను పక్కనే కొత్త రోడ్డు పడుతోంది, పగలంతా లారీలు. పొట్టకొచ్చే ముందు అన్నయ్య వెళ్లి డబ్బా పెట్టి చూశారు. ముల్లు లేవలేదు, ఎరువు అక్కర్లేదన్నారు. తరువాత గట్టి వాన పడింది. మర్నాడు చూస్తే నూతి పక్క మడి తప్ప చేనంతా పాలిపోయి ఉంది. అంతవరకూ వెలుతురుని ఆపింది పచ్చదనం కాదు, ఆకుల మీది దుమ్ము.

ఇంకొకరైతే వాతావరణాన్ని తిట్టేవారు. ఆయన ఆ సాయంత్రమే ఊరిమధ్యకి వెళ్లి, పదిమందీ వింటుండగా భయ్యాతో, "గలతీ మేరీ హై," అన్నారు. తప్పు నాదేనని ఒక ఆఫీసరు రైతుతో అనడం ఆ ఊరు అదే మొదటిసారి వినడమట. ఆ మాట నాకు భయ్యాయే చెప్పాడు. తెల్లారేసరికి మా ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల పొగలోంచి తీసే నత్రజని ఎరువు బస్తాలు రిక్షాలో వేయించుకుని వెళ్లి, పంట్లాం మోకాళ్లకి మడిచి, తానే చల్లారు. పంట కాస్త తగ్గింది గాని ఇల్లు పస్తుండలేదు.

"ముల్లు తప్పు చెప్పలేదమ్మా. దుమ్ము చూపించాను, దుమ్మే చెప్పింది," అన్నారు నాతో. ఆ తరువాత తడి రుమాలుతో తుడవకుండా ఆయన ఏ ఆకునీ డబ్బాలో పెట్టలేదు. వదిన పెరటి మందారాన్ని కూడా తుడిచేవారు. ఇంత చదువున్న మనిషికి ఇంత గుండెధైర్యం కూడా ఉండడం నేను మళ్లీ చూడలేదు.

మంగళవారం నేను వెళ్లేసరికి ఆయన్ని ముందుగదిలో పడుకోబెట్టారు. కాసేపటికి పాల భయ్యా వచ్చాడు. పూలదండ తేలేదు. అప్పుడే వెన్ను తీస్తున్న వరిదుబ్బు ఒకటి తెచ్చాడు. రాత్రంతా వాన కురిసింది, దాని మీద దుమ్మెక్కడిది? అయినా గుమ్మంలో గొంతుక్కూర్చుని, భుజం మీది గంచా తువ్వాలు కొసతో ఒక్కొక్క ఆకూ తుడిచి, అప్పుడు తెచ్చి ఆయన పాదాల దగ్గర పెట్టాడు.