తాగిందని రాశాను

మా అమ్మ నా పెళ్లికి ముందే పోయింది. అందుకని పురిటికి మెదక్ నుంచి మా అత్తమ్మ వచ్చింది. నాకు పాలు పడలేదు. ఆమె ఉన్న మూడు వారాలూ పాప సీసా పాలు, స్నానం, నిద్ర అన్నీ ఆమె చేతుల్లోనే జరిగిపోయాయి. ఇంతలో మామయ్య స్నానాలగదిలో జారి తుంటి విరగ్గొట్టుకున్నారని కబురొచ్చింది. వెళ్లక తప్పలేదు. పాప నుదుటి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, "జర పైలం బిడ్డా" అని నాకు చెప్పి బయల్దేరింది.

ఆ మర్నాడే మా ఆయన ఇద్దరి ఫోన్లలోనూ ఒక యాప్ పెట్టారు. పాప ఎప్పుడు తాగింది, ఎంత తాగింది, ఎంతసేపు పడుకుంది, అన్నీ అందులో రాయాలి. నాంపల్లిలో నేను రాస్తే బషీర్‌బాగ్ ఆఫీసులో ఆయన ఫోను మోగుతుంది. అది మంచి యాప్. ఆ మాట ఇప్పటికీ అంటాను. టీకా తేదీలు అదే గుర్తుచేసింది. పాప ఒంటి మీద ఎర్రటి పొక్కులు లేస్తే కంగారు పడక్కర్లేదని అదే చెప్పింది.

మా ఇల్లు స్టేషన్ వెనక సందులో, మూడో అంతస్తు. రైళ్ల ప్రకటనలు గదిలోకే వినపడేవి. ఆయన తొమ్మిదింటికి వెళితే మళ్లీ చీకటి పడ్డాకే రావడం. మధ్యలో నేను, పాప.

నాకేమవుతోందో నాకు తెలియలేదు. ఏడుపు రాలేదు, కోపం రాలేదు. సీసా కడుగుదామని లేచి, వంటింటి గుమ్మం దాకా వెళ్లి, ఎందుకొచ్చానో తెలియక నిలబడిపోయేదాన్ని. పాప ఏడుస్తుంటే పక్కింట్లో ఎవరి పిల్లో ఏడుస్తున్నట్టుండేది.

ఒకరోజు పదకొండు దాటాక ఆయన ఫోన్ చేశారు.

"పాలు పట్టలేదా? యాప్‌లో ఏం లేదు."

"పట్టాను. రాయడం మర్చిపోయాను."

పట్టలేదు. ఫోన్ పెట్టేసి తొంభై ఎంఎల్ అని రాశాను. పక్కన పచ్చటి టిక్కు పడింది. 'పాపను చక్కగా చూసుకుంటున్నారు' అని కింద ఒక వాక్యం వచ్చింది. ఆయన ఒక నవ్వు బొమ్మ పంపారు. అప్పుడైనా లేచి పట్టొచ్చు. పట్టాలనే అనుకున్నాను. కానీ రాసేశాక ఆ పని అయిపోయినట్టే అనిపించింది.

తర్వాత్తర్వాత అదే అలవాటైంది. కొన్నిసార్లు నిజంగానే పట్టేదాన్ని, పాప నాలుగు గుక్కలు తాగి కళ్లు మూసేది, నేను తొంభై అని రాసేదాన్ని. కొన్నిసార్లు అసలు పట్టేదాన్నే కాదు. ఫోనులో మా పాప రోజుకు ఏడుసార్లు తాగేది, వేళకు పడుకునేది. మంచం మీది పాప ఏడవడం తగ్గించింది. పొద్దునా రాత్రీ ఆయనే పట్టేవారు. సగం తాగి నిద్రలోకి జారితే, పగలంతా బాగా తాగిందిగా అనుకునేవారు. "బుద్ధిమంతురాలు, అస్సలు గొడవ చేయదు" అని మురిసిపోయేవారు. పాలందక నీరసించిన పిల్లలు ఏడవడం కూడా మానేస్తారని మా ఇద్దరికీ తెలీదు.

ఆపరేషనై రెండు వారాలకు మామయ్య కర్ర పట్టుకుని నడవడం మొదలెట్టాక, ఒక శనివారం పొద్దున అత్తమ్మ వచ్చింది. సంచీ కింద పెట్టి, చేతులు కడుక్కుని, పాపను ఎత్తుకుంది. చేతులకు బరువే తెలియనట్టు, ఎత్తుకున్నది ఎత్తుకున్నట్టే ఆగిపోయింది.

"ఏంది, పిల్ల గింత అల్కగున్నది?"

"లేదమ్మా, బాగా తాగుతోంది. చూడు" అని ఆయన ఫోను చూపించారు. "నిన్న ఏడుసార్లు."

ఆమె ఫోను వైపు చూడలేదు. "ఫోను తాగిందా, పిల్ల తాగిందా?" అని నా వైపు తిరిగింది. నేను గోడ వైపు చూశాను. "ఆటో పిలువు. దవాఖానకు పోదాం" అంది.

అబిడ్స్‌లో పిల్లల డాక్టరమ్మ పాపను త్రాసు మీద పడుకోబెట్టింది. పుట్టినప్పటి కన్నా తక్కువ తూగింది. నర్సు పాపను లోపలికి తీసుకెళ్లాక, డాక్టరమ్మ మా ఆయన్ని బయట కూర్చోమని, ఆయన చెప్పిన ఆ యాప్‌ను నా ఫోన్లో తెరవమంది. అరవలేదు. వేలు పెట్టి ఒక్కో వరసా చూపించింది.

"ఇది పట్టారా అమ్మా?"

"లేదు."

"ఇది?"

"కొంచెం తాగింది."

"ఇది?"

"గుర్తులేదు."

పట్టలేదని చెప్పగలిగాను. గుర్తులేదని చెప్పడమే కష్టమైంది. రోజుల తరబడి ఆ గదిలో ఉన్నదాన్ని నేనే, అయినా అక్కడ ఏం జరిగిందో చెప్పడానికి నాకు ఆ అబద్ధాలు తప్ప ఏమీ మిగల్లేదు.

పాపను ఆరు రోజులు ఉంచారు. నన్ను ఇంకో డాక్టర్ దగ్గరికి పంపారు. కాన్పు తర్వాత కొందరికి వచ్చే డిప్రెషన్ అన్నారు, మందులిచ్చారు. వార్డు బయట బెంచీ మీద అత్తమ్మ నా పక్కన కూర్చుని, "నేను పోకుంట ఉండాల్సింది" అంది. ఆయన వరండా చివర నిలబడి ఫోన్లో తెర కిందికి జరుపుతూ, జరుపుతూ, ఆ వరసలన్నీ మళ్లీ చదువుతున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పటిదాకా అనలేదు. అనుంటే బావుండేదని కొన్నిసార్లు అనిపిస్తుంది.

పాపకిప్పుడు ఐదేళ్లు. దానికేం లోటు లేదని డాక్టర్లు ఎన్నోసార్లు చెప్పారు. మొజంజాహీ మార్కెట్లో ఐస్‌క్రీమ్ కొనిస్తే సగం తిని చాలంటుంది. అందరి పిల్లలూ అలాగే అంటారు. అయినా ఆ మిగిలిన సగాన్ని చూసి ఇంకో రెండు చెంచాలు తినమని బతిమాలతాను. పక్కగదిలో అది బొమ్మలు వేసుకుంటూ చప్పుడు చేయకపోతే, చేస్తున్న పని వదిలేసి వెళ్లి చూసొస్తాను.

మొన్న నాతోపాటు కాలేజీ లైబ్రరీలో పనిచేసే అమ్మాయి ఫోన్ చేసింది. ఆమెకు కాన్పై నెల అయింది.

"అక్కా, పిల్లలకు ఏ యాప్ మంచిగుంటది? అన్నీ రాసి పెట్టుకునేది?"

పేరు చెప్పాను. టీకాల సంగతి కూడా చెప్పాను. తర్వాత అడిగాను.

"పగటిపూట ఇంట్లో ఎవరుంటారు?"

"ఎవరుంటరక్కా, నేనే."

మర్నాడు సగం రోజు సెలవు పెట్టి వాళ్లింటికి వెళ్లాను. బాబు నిద్రపోతున్నాడు. ఆ అమ్మాయిని పడుకోమని చెప్పి, వాడు లేచి ఏడ్చేదాకా పక్కనే కూర్చున్నాను.