మా లెక్కల సారు చివరి భాగహారం

మా లెక్కల సారు పోయారని మొన్న పక్కింటి ఫోన్‌కు కబురొచ్చింది. నేనప్పుడు మా బడి పిల్లల పేపర్లు దిద్దుతున్నాను. ఎర్రపెన్నుకు మూతపెట్టి, సారు ఇల్లున్న పద్మారావు నగర్ బస్సెక్కాను.

లాలాగూడ బళ్లో ఆయన మాకు తొమ్మిదో తరగతి లెక్కలు చెప్పారు. రైల్వే వర్క్‌షాపు సైరన్ మోగితే చేతిగడియారం చూసుకుని, సైరనే అరనిమిషం లేటని తేల్చేసేవారు. జవాబు ఒక్కటే రాసుకెళ్తే నోట్సు వెనక్కి తోసేసేవారు. "జవాబు ఎవరైనా చెప్తరు. చేసింది చూపెట్టు," అనేవారు.

ఒకరోజు రెండు, మూడు, అయిదు, ఏడు, పదకొండు, పదమూడు గుణించి ఒకటి కలిపారు. 30,031 వచ్చింది. నమ్మకపోతే మీరూ చేసి చూడండి. "వీటిల దేంతోని భాగించినా ఒకటి మిగుల్తది. అంటే ఇది ప్రధాన సంఖ్య. ఒకటి, తనూ తప్ప ఇంకేదీ దీంట్ల పోదు," అన్నారు.

పరీక్షలో అదే అడిగారు. అందరూ అవునని రాస్తున్నారు కదా అని నేను 'కాదు' అని రాసిపెట్టాను. ఒట్టి పొగరు, అంతే. సున్నా వచ్చింది.

రెండు వారాల తర్వాత ఆదివారం పూట సారు సైకిల్ మీద బన్సీలాల్‌పేటలోని మా ఇంటికొచ్చారు. నాన్న కంగారుగా కుర్చీ వేశారు.

"తప్పు నాదండి," అన్నారు సారు. "మీ పిల్ల కాదన్నది గద, జెర చూద్దామని పదిహేడు నుంచి షురూ చేసిన. యాభైతొమ్మిది పోయింది. యాభైతొమ్మిది ఇంటు అయిదువందల తొమ్మిది." నా వైపు తిరిగి, "నీకెట్ల తెలిసిందమ్మా?" అని అడిగారు.

నేను తల దించుకున్నాను. నాన్న అది వినయమనుకున్నారు.

మర్నాడు క్లాసులో సారు తన తప్పు తానే బోర్డు మీద రాసి, నాకు రెండు మార్కులు వేశారు. ఆ మార్కులకు తగ్గట్టు ఉండాలన్న భయంతోనే లెక్కలు చదివాను, లెక్కల టీచర్నయ్యాను. ఊరికే రాశానని ఎన్నిసార్లు చెప్పబోయినా నోరు రాలేదు. ఇక ఎప్పటికీ చెప్పలేనే అని బస్సులో ఏడ్చాను.

సారు భార్య నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. "అందాజగ రాసిన పిల్ల అని నీ గురించి చెప్పి నవ్వేటోళ్లు. పేపర్ల ఒక్క లెక్క సుత లేదట గద," అన్నారు. "నీకు మాత్రం చెప్పద్దన్నరు, పరేషాన్ అయితవని."

ఆయనకు మొదటి నుంచీ తెలుసు.

మంచం పక్కన పాత క్యాలెండర్ కాగితాల దొంతర ఉంది. అప్పటి ఆరు సంఖ్యల లబ్ధాన్ని పదిహేడుతోనూ పంతొమ్మిదితోనూ కూడా గుణించి, ఒకటి చేర్చిన సంఖ్య: 96,99,691. "ఇది ప్రధాన సంఖ్య అవునో కాదో తేల్చాలని ఆర్నెల్ల సంది అదే పని. దవాఖానకు సుత పట్టుకపోయిన్రు," అన్నారామె.

ఇరవైమూడు నుంచి ఒక్కో ప్రధాన సంఖ్యతో వరసగా భాగించుకుంటూ వచ్చారు. చివరి కాగితం మీద 337. శేషం 157. అంకెలు వణికాయి. కింద అంతా ఖాళీ.

ఆయన పెన్సిలు అక్కడే ఉంది. దాంతో 347 వేసి, ఒక్క మెట్టు కూడా వదలకుండా భాగించాను. 27,953 సార్లు పోయింది. శేషం సున్నా. ఈసారి చేసిందంతా చూపెట్టాను.