ఇంకోసారమ్మ మూడో డ్రమ్ము

ఆసుపత్రిలో ఆవిడను అసలు పేరుతో పిలిచేవాళ్లు ఒక్కరూ లేరు. అందరికీ ఆవిడ ఇంకోసారమ్మ. స్విచ్చు కట్టేసి నాలుగడుగులు వేసి, "ఆగండి, ఇంకోసారి చూసొస్తా" అంటూ వెనక్కి పరిగెత్తే మనిషికి అంతకంటే తగిన పేరు ఇంకేం పెడతారు చెప్పండి! ఆపరేషను పరికరాలను ఆవిరిలో ఉడికించి శుభ్రం చేసే కింది అంతస్తు గది ఆవిడది. పదకొండేళ్లుగా ఆ గది, ఆ ఆవిరి యంత్రం, ఆ స్టీలు డ్రమ్ములు తప్ప ఆవిడకు పగటిపూట వేరే లోకం లేదు.

ఈ ఇంకోసారి జబ్బు ఇప్పటిది కాదు. తొమ్మిదేళ్ల వయసులో తమ్ముణ్ని చూసుకోమని అమ్మ అప్పగిస్తే, ఆటలో పడి వాణ్ని మరిచిపోయింది. మూడు గంటలు వీధంతా వెతికారు. తీరా చూస్తే వాడు మెట్ల కింద కూర్చుని హాయిగా చెప్పులు నాకుతున్నాడు. ఏమీ కాలేదు, కానీ ఆ మూడు గంటలు మాత్రం ఆవిడ ఒంట్లోంచి ఇప్పటికీ పోలేదు. ఇంటికి తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తుంది. బస్సు మెకానిక్కు అయిన మొగుడు, "పాపం తాళానికి కూడా నీమీద విసుగొచ్చిందే, ఏదో ఒకరోజు చేతికి ఊడొస్తుంది" అని ఆటపట్టిస్తాడు. ఆవిడ నవ్వుతూనే నాలుగోసారి లాగుతుంది.

కిందటి నెలలో ఈ అలవాటు పీకల మీదికి తెచ్చింది. ఒక డ్రమ్ము సరిగా ఉడికిందో లేదోనని అనుమానం వచ్చి, పైకి పరిగెత్తుకెళ్లి ఆపరేషను ఆపించింది. విప్పి చూస్తే అంతా బాగానే ఉంది. డాక్టరు గారు విసుక్కున్నారు. థియేటరు నడిపే పెద్ద సిస్టరయితే అందరి ముందూ కడిగిపారేసింది. "ఇది రెండోసారి. ఇంకోసారి ఇలా ఉత్తపుణ్యానికి ఆపావంటే నువ్వు ఆ గదిలో ఉండవు, తెలిసిందా?" అంది. ఆవిడ ఆ రోజంతా మొహం మాడ్చుకుని తిరిగింది.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం పాస్టరు గారు చింత గురించి ప్రసంగం చేశారు. పక్షులను పోషించే తండ్రి మనల్ని వదిలేస్తాడా, భారమంతా ఆయన మీద వేసి నిశ్చింతగా ఉండండి అన్నారు. ఆవిడకు ఆ మాటలు తనకోసమే చెప్పినట్టు అనిపించాయి. బెంచీ మీదే తల వంచుకుని ఒక తీర్మానం చేసుకుంది. రేపటి నుంచి పని మొదలుపెట్టే ముందు ఒక్కసారి ప్రార్థన చేస్తాను, ఆమెన్ అన్నాక మళ్లీ తిరిగి చూడను. తిరిగి చూశానంటే దేవుణ్ని నమ్మనట్టే.

ఎంత అమాయకత్వమో చూడండి. విశ్వాసం అంటే వెనక్కి చూడకపోవడమే అనుకుంది పిచ్చితల్లి!

సోమ, మంగళ, బుధవారాలు ఎలా గడిచాయో ఆ ప్రభువుకే తెలియాలి. చూడాలని వేళ్లు లాగుతుంటే చేతులు కొంగులో చుట్టుకుని నిలబడింది. గడియ వేశానా, మీట తిప్పానా, గంట కొట్టిందా లేదా అని లోపల రొద. పైకి మాత్రం పెదవులు కదుపుతూ స్తోత్రాలు చెప్పుకుంటూనే ఉంది. బుధవారం సాయంత్రం మొగుడు తాళం వేసి, "లాగవా?" అన్నాడు ఆశ్చర్యంగా. "లాగను" అని గబగబా మెట్లు దిగిపోయింది.

గురువారం ఉదయం మూడు డ్రమ్ములు సిద్ధం చేయాలి. రెండింటిలో గౌన్లు, గుడ్డలు. మూడోదాంట్లో పదిన్నర ఆపరేషనుకు కావలసిన పరికరాలు. ప్రతి డ్రమ్ము మీదా నిన్నటి టేపు పీకేసి కొత్త ముక్క అంటిస్తారు. ఆవిరి తగిలితే ఆ తెల్ల టేపు మీద నల్ల చారలు తేలతాయి, అవి చూసే థియేటరువాళ్లు మూత తీస్తారు. ఆవిడ మూడు ముక్కలు చింపి బల్ల అంచుకు వరసగా అతికించుకుంది. తర్వాత మూడు డ్రమ్ముల మీదా ఒక్కొక్కదాని మీద చెయ్యి ఉంచి, ఈ పరికరాలు ఎవరి ఒంటిని తాకుతాయో వాళ్లను కాపాడు ప్రభువా అని ప్రార్థించింది. ఆమెన్ అంది. యంత్రంలో ఉడికించింది, గంట కొట్టాక తీసి, మూడు డ్రమ్ములూ తోపుడుబండి మీద సర్దింది. పైనుంచి ఆయా వచ్చి బండిని లాక్కెళ్లింది. ఆవిడ ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. నాలుగు రోజులు గెలిచానని కాస్త గర్వపడింది కూడా.

పది గంటలకు బల్ల తుడుస్తుంటే గుడ్డకు ఏదో అడ్డం తగిలింది. బల్ల అంచున ఒక టేపు ముక్క ఉంది. తెల్లగా, ఒక్క చార కూడా లేకుండా!

మూడు చింపితే రెండే వాడిందన్నమాట. మరి మూడో డ్రమ్ము మీద ఉన్నది నిన్నటి టేపు. నిన్నటి నల్ల చారలు. పైవాళ్లు దాన్ని చూసి ఉడికిందనే అనుకుంటారు. కొత్త టేపు అంటించడం మరిచిపోతే మరిచిపోయింది, డ్రమ్మునైనా లోపల పెట్టిందా? కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకోబోయింది. మూడు మూతల మీదా చెయ్యి ఉంచి ప్రార్థించడం బాగా గుర్తుంది. మూడో మూత చల్లగా తగలడం కూడా గుర్తుంది. రెండు డ్రమ్ములను యంత్రంలో పెట్టడమూ గుర్తుంది. మూడోదాన్ని ఎత్తినట్టు మాత్రం ఎంత తవ్వినా గుర్తు రావడం లేదు. ప్రార్థన అయిపోయింది కాబట్టి పని కూడా అయిపోయిందని మనసు సంతకం పెట్టేసినట్టుంది.

ఇక చూడండి అవస్థ! కాలు కాలిన పిల్లిలా గదిలో అటూ ఇటూ తిరిగింది. తలుపు దాకా వెళ్లింది, వెనక్కి వచ్చింది. పెట్టే ఉంటాను, పదకొండేళ్ల చేతులు వాటంతటవే పెట్టేసి ఉంటాయి. ఇది నా పాత జబ్బే. ఇప్పుడు పైకి వెళ్లి ఆపించి, అది ఉడికే ఉందని తేలితే? పెద్ద సిస్టరు ఊరుకుంటుందా? ఈ గది పోతే నన్ను ఎక్కడ వేస్తారు? పైగా తిరిగి చూడనని దేవుడికి మాటిచ్చాను కదా! మరి ఆయనే ఈ టేపు ముక్కను కనపడేలా చేశాడేమో? "ప్రభువా, ఏదో ఒకటి చెప్పు, నన్నిలా చంపకు" అని పైకే అనేసింది. యంత్రం చల్లారుతూ బుస్సుమంది, అంతే. గోడ గడియారం పదీ ఎనిమిది చూపిస్తోంది.

పాస్టరమ్మ గారికి ఫోను చేసింది. ఆవిడ ఇంట్లో బట్టలు కుడుతుంది. ఫోనులో ముందు మిషను చప్పుడే వినపడింది.

"అమ్మా, నేను. ఒక్క మాట చెప్పండి. దేవుడు చెప్పేదీ, మన భయం చెప్పేదీ ఒకేలా వినపడితే ఏది ఏదో ఎలా తెలుస్తుంది?"

మిషను ఆగింది. "ఏమైంది? గొంతేంటి అలా ఉంది?"

"అదంతా చెప్పే టైం లేదమ్మా."

"సరే అయితే. ఆ భయంలో ఎవరున్నారు?"

"అంటే?"

"నువ్వొక్కదానివే ఉన్నావా, ఇంకెవరైనా ఉన్నారా? నా గురించి నేను భయపడ్డ రోజుల్లో దేవుడేం చెప్పాడో నాకు ఒక్కసారీ వినపడలేదు. పక్కవాళ్ల గురించి భయపడితే మాత్రం ఏం చెయ్యాలో ఇట్టే తెలిసిపోతుంది. నచ్చదనుకో, కానీ తెలిసిపోతుంది."

"మరి ఆదివారం అయ్యగారు చింతపడొద్దన్నారు కదా! నేను నాలుగు రోజుల నుంచి ఏదీ తిరిగి చూడడం లేదు."

"ఓసి పిచ్చిమొహమా! చింత వద్దన్నారు గానీ కళ్లు మూసుకోమన్నారా? ఆయన మాత్రం స్కూటరు స్టాండు రెండుసార్లు తన్ని చూసుకోకుండా ఎప్పుడు బయల్దేరారు?"

ఇంకో రోజయితే ఆవిడ పగలబడి నవ్వేది. ఇప్పుడు నవ్వకుండానే ఫోను పెట్టేసింది. ఇంతసేపూ ఆలోచించిందంతా ఎవరి గురించి? నా ఉద్యోగం, నా పరువు, నా మాట, నా జబ్బు. పైన ఆపరేషను బల్ల మీద పడుకోబోయేది ఆడో మగో, చిన్నో పెద్దో ఒక్కసారైనా అనుకుందా? ఆవిడకు సిగ్గుతో చెంపలు మండాయి. చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని, లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కేసింది.

థియేటరు తలుపు బయట స్ట్రెచరు మీద అరవై దాటిన ఒక పెద్దావిడ పడుకుని ఉంది. పచ్చ టోపీ కింద కళ్లు పైకప్పును చూస్తున్నాయి. లోపలికి తీసుకెళ్లడమే తరువాయి. ఇంకోసారమ్మ ఒక్క క్షణం ఆ మొహం చూసి, తలుపు తోసింది.

పెద్ద సిస్టరు ఆవిడను చూడగానే నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "మళ్లీ మొదలెట్టావా తల్లీ?"

"సిస్టర్, మూడో డ్రమ్ము తెరవకండి. దాన్ని యంత్రంలో పెట్టానో లేదో నాకు తెలియడం లేదు."

"తెలియడం లేదంటే? టేపు నల్లగానే ఉంది కదా!"

"అది నిన్నటిది. పీకడం మరిచిపోయా. తప్పు నాదే. నన్ను తర్వాత ఏమైనా అనండి. ముందు చెయ్యి పెట్టి చూడండి. ఉడికుంటే లోపలి వేడి ఇంకా పోదు."

పెద్ద సిస్టరు పళ్లు కొరుకుతూ మొదటి డ్రమ్ము మీద చెయ్యి పెట్టింది. రెండోదాని మీద పెట్టింది. మూడోదాని మీద పెట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. కాసేపటికి రెండో చెయ్యి కూడా పెట్టి చూసింది. ఆమె మొహంలో కోపం పోయి రంగు మారింది.

"చల్లగా ఉంది" అంది నెమ్మదిగా. మాస్కు సరిచేసుకుంటున్న డాక్టరు గారు అలాగే ఆగిపోయారు. పెద్ద సిస్టరు డ్రమ్మును ఆవిడ వైపు జరిపింది. "తీసుకెళ్లు. గంటలో నా చేతికి రావాలి. మిగతా సంగతి రేపు ఆఫీసులో మాట్లాడుకుందాం. రిపోర్టు రాయకుండా ఉండలేను, ఏమనుకోకు."

"రాయండి సిస్టర్."

డ్రమ్మును రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని బయటికొచ్చింది. రేపటి ఆఫీసు సంగతి బుర్రలో తిరుగుతూనే ఉంది. మనసు తేలికపడుతుందనుకుంది గానీ ఏమీ తేలికపడలేదు. స్ట్రెచరు దగ్గరికి రాగానే పెద్దావిడ చెయ్యి చాచి చీర కొంగు పట్టుకుంది.

"లోపల మాటలు వినపడ్డాయమ్మా. ఆ డబ్బా నాకోసమేనా?"

"అవును పెద్దమ్మా. నా వల్ల పొరపాటు జరిగింది. ఇంకో గంట ఆగాలి మీరు. నన్ను క్షమించండి."

"గంటేగా, ఆగుతాను." పెద్దావిడ పెదవులు తడుపుకుంది. "ఈ గంటసేపు ఒంటరిగా ఏం చెయ్యాలి నేను? నీ మెళ్లో శిలువ ఉంది, నువ్వు ప్రార్థన చేసుకుంటావు కాబోలు. నాకు అలవాటు లేదు. అసలు ఏమని మొదలుపెడతారు?"

చిన్నప్పటి నుంచి నోటికొచ్చిన ప్రార్థనలు ఆవిడకు వందలున్నాయి. ఒక్కటీ నోట్లోకి రాలేదు.

"భయమేస్తోందని చెప్పండి" అంది. "నేనూ కింద అదే చెబుతుంటాను."

పెద్దావిడ తలాడించి కొంగు వదిలింది. ఇంకోసారమ్మ డ్రమ్ము పట్టుకుని మెట్లు దిగింది.