బాబాయ్ బాక్సులో ముసలి బ్యాండ్లు

అంటే, బాబాయ్ పోయాడని నాకు చెప్పింది మనిషి కాదు, స్పీకరు బాక్సు. నిన్న రాయడం ఇక్కడిదాకా వచ్చేసరికి అమ్మ మెట్లెక్కుతున్న చప్పుడైంది, ఆపేశాను.

మా వైపు ఎవరైనా పోతే ఇంటి ముందు మైకు పెట్టి గీత శ్లోకాలు వేస్తారు. వీధంతటికీ కబురు అలాగే అందుతుంది. పెద్దాపురంలో సగం చావులకి ఆ మైకు సెట్టు మా బాబాయ్‌దే. ఆ మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చి వీధి మొదట్లో ఆటో దిగేసరికి శ్లోకం వినపడింది. గొంతు కిందికి దిగినప్పుడల్లా చిన్నగా గర్రుమంటోంది. ఆ గర్రు నాకు తెలుసు. ఆరేళ్ళప్పుడు బాక్సుల మీద ఆడుతూ స్పీకరు అట్టకి కాలితో చిల్లు పెట్టింది నేనే. బాబాయ్ తిట్టలేదు. నా నోటుబుక్కు అట్ట చింపి, జిగురు రాసి అతికించాడు. కొత్తది వెయ్యచ్చు కదా అని పెద్దయ్యాక అడిగితే, దాని గొంతు ఇదేనే, ఉండనీ అన్నాడు.

అందుకని ఆ గర్రు వినగానే నేననుకున్నది ఒకటే. మా వీధిలో ఎవరో పోయారు, కోరుకొండలో పూజకి మైకు పెట్టడానికి వెళ్ళిన బాబాయ్ తొందరగా వచ్చేశాడు. పోయిందెవరా అని కూడా ఆలోచించలేదు. నవ్వుకుంటూ నడిచాను. మా గేటు ముందు చెప్పుల గుట్ట కనపడేదాకా నవ్వుతూనే ఉన్నాను. అది తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతోంది.

ఇది చదివేది ఎవరో నాకు తెలీదు. ఇంట్లో ఎవరితోనూ అనలేను కాబట్టి మీతో అంటున్నాను. నాది మొదట్నుంచీ ఇంగ్లీషు మీడియం, తెలుగులో ఒత్తులు తప్పుతాయి. ఇంగ్లీషులో రాస్తే ఈపాటికి అయిపోయేది. కానీ బాబాయ్‌కి ఇంగ్లీషు రాదు. ఆయన చదవలేని భాషలో ఆయన గురించి రాయబుద్ధి కాలేదు.

ఆయన మా నాన్నకి తమ్ముడు. పెళ్ళి చేసుకోలేదు. ఇంటి వెనక గొడౌన్లో బాక్సులతో పాటే ఉండేవాడు. వయసులో కొన్నాళ్ళు కాకినాడ పోర్టులో పని చేశాడు. అక్కడ ఓడ దిగిన ఒకతని సామాను మోసిపెడితే, అతను చేతిలో ఒక కేసెట్ పెట్టి వెళ్ళిపోయాడట. రూముకెళ్ళి వేస్తే, ముందు టేప్‌రికార్డరు చెడిపోయిందనుకున్నాడట. విప్పి, తుడిచి, మళ్ళీ బిగించి వేశాడు. మళ్ళీ అదే మోత. మూడోసారికి అది చెడిపోవడం కాదు, వాళ్ళు కావాలనే అలా వాయిస్తున్నారని అర్థమైందట. ఆ కథ చెప్పిన ప్రతిసారీ తొడ చరుచుకుని నవ్వేవాడు. ఇంక అప్పట్నుంచి రాక్ అనీ మెటల్ అనీ ఎక్కడ ఏ కేసెట్ దొరికినా తెచ్చుకున్నాడు. అట్టపెట్టె నిండిపోయింది.

మరిడమ్మ జాతరకి బాక్సులు కట్టాక, అమ్మవారి పాటలు మొదలెట్టేముందు టెస్టింగ్ వెయ్యాలి. మిగతా మైకువాళ్ళు హలో హలో అని వదిలేస్తారు. బాబాయ్ ఒక మెటల్ పాట నిమిషన్నర వేసేవాడు. ఏటా అదే పాట, అదే ముక్క. పూలమ్మే మామ్మలకి కూడా ఆ గిటారు నోటికొచ్చేసింది. ఒకసారి కొత్తగా వచ్చిన పెద్దమనిషి ఎవరో ఆ గోలేంటయ్యా అని కసిరాడు. బాబాయ్ చేతులు కట్టుకుని చెప్పాడు.

"ఆయ్, బాక్సుల్ని పరీక్ష చేస్తున్నానండి. ఈ దెబ్బకి నిలబడిందంటే ఇంక జాతరంతా దీనికి ఢోకా ఉండదండి."

ఆ పాట అర్థం ఆయనకి చెప్పింది నేను. టెన్త్‌లో ఉండగా మొదలైంది నాకు ఈ పిచ్చి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే ఆన్‌లైన్ క్లాసు అనుకునేవాళ్ళు ఇంట్లో. నేనూ అలాగే అనుకోనిచ్చాను. మా ఇంట్లో ఆడపిల్ల గొంతు పెంచకూడదు. నాన్న మాటకి ఎదురు చెప్పడమన్నది అమ్మకే తెలీదు, నాకెక్కడ వస్తుంది? ఆ పాటల్లో నా వాటా కూడా వాళ్ళే అరిచేవాళ్ళు. ఒకరోజు గొడౌన్లో కూర్చుని, ఆ టెస్టింగ్ పాట ఒక మనిషి గురించనీ, మేస్త్రీ చెప్పినంతకాలం బరువులు మోసి మోసి, చివరికి బరువు కింద పడేసి నిలబడతాడనీ చెప్పాను. బాబాయ్ ఆశ్చర్యపోతాడనుకున్నాను. తల ఊపాడంతే. గిటారు ఆ సంగతి ఎప్పుడో చెప్పేసింది, నువ్వు ఇప్పుడు చెప్తున్నావు అన్నాడు.

ఆ పాట పాడినవాళ్ళు ఇంకా ఉన్నారనీ, ఇంకా ఊళ్ళు తిరిగి వాయిస్తున్నారనీ ఆయనకి తెలీదు. కేసెట్ అట్ట మీద కుర్రాళ్ళు కదా, వాళ్ళు ఎప్పుడో పోయారనుకున్నాడు. ఫోనులో ఈమధ్య కచేరీ వెతికి చూపించాను. పాడే ఆయన జుట్టు ముగ్గుబుట్ట. డ్రమ్ములాయన మోకాలికి పట్టీ. ఇంకొకాయన స్టూలు మీద కూర్చున్నాడు. ఎదురుగా జనం, భుజాల మీద మనవల్ని ఎక్కించుకున్న తాతలతో సహా, మాట మాటా పాడుతున్నారు. బాబాయ్ ఫోనుని రెండు చేతులా పట్టుకున్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు చూడటం నాకదే మొదటిసారి.

ఇన్ని కొత్త పాటలొస్తుంటే ఈ ముసలాళ్ళ కోసం ఇంతమంది ఎందుకొస్తారు బాబాయ్ అని అడిగాను.

"కోపం ఎవడికైనా వస్తాదే. వచ్చినట్టే పోతాది. దాన్ని పట్టుకుని దరువులో నిలబెట్టినోడే ఈ వయసులో కూడా స్టేజీ ఎక్కుతాడు."

గిటారు ఆయన ఒకచోట తప్పాడు చూశావా అన్నాను. చూశాడట. ఒకే పాట ఇన్నేళ్ళు వాయించినోడికే అంత అందంగా తప్పడం వస్తుందన్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది ఎవరికీ తెలీదు.

కోరుకొండ వెళ్ళే రోజు పొద్దున్న, నేను హాల్లో జడ వేసుకుంటున్నాను. బాబాయ్ గుమ్మంలో నిలబడ్డాడు. మొహం పాలిపోయి ఉంది. "అన్నయ్యా, ఎడం చెయ్యి లాగేస్తంది. రేపు వెళ్తాను" అన్నాడు. నాన్న పేపరు దించలేదు. "గ్యాసురా. సోడా తాగి బయల్దేరు. కొండ మీద పూజకి నేను మాటిచ్చాను." బాబాయ్ ఆయ్ అని వెళ్ళిపోయాడు. నేను రబ్బరు బ్యాండు బిగించుకున్నాను. కొండ మెట్ల మీద, భుజాన బాక్సుతో పడిపోయాడట.

మూడో రోజు మా అత్త, అంటే నాన్న అక్క, అందరి మధ్యా కూర్చుని తేల్చేసింది. "ఆ దెయ్యం పాటలే తిన్నాయి వాణ్ణి. అన్నేళ్ళు ఆ మోత వింటే గుండె ఉంటాదా? ఆ కేసెట్ల పెట్టె ఇంట్లో ఉంచకండి, ఇంకెవర్ని తీసుకుపోతాదో." పదకొండో రోజు ఆయన బట్టలతో పాటు కాలవలో వదిలేద్దామంది. నేను నాన్న వైపు చూశాను. నాన్న తల ఊపాడు.

ఆ తల ఊపడం ఉంది చూశారూ, అది నా కళ్ళముందు నుంచి పోవట్లేదు. అన్నం తింటుంటే అదే. స్నానం చేస్తుంటే అదే. పాటలు కాదు నాన్నా, సోడా. ఈ నాలుగు మాటలు రోజూ నోటిదాకా వస్తాయి. భయం. నిజంగా భయం. బాబాయ్ మీద పెట్టిన నింద బాబాయ్ ఇష్టపడ్డ ఆ పాటలవాళ్ళ మీదకి కూడా పోతోంది, నేను అన్నంలో మజ్జిగ పోసుకుంటున్నాను.

రేపే పదకొండో రోజు. అనలేకపోయాను కానీ ఒక పని చేశాను. నిన్న అందరూ నిద్రలో ఉన్న మధ్యాహ్నం గొడౌన్లోకి వెళ్ళి కేసెట్లన్నీ చున్నీలో మూటకట్టి తెచ్చేశాను. పెట్టె బరువు తగ్గకూడదు కదా, నా ఎంట్రన్సు కోచింగ్ మెటీరియల్ అంతా అందులో సర్ది, పైన మళ్ళీ పురికొస కట్టాను. రేపు కాలవలో కొట్టుకుపోయేది ఫిజిక్స్. బాబాయ్ ఉంటే తొడ చరుచుకునేవాడు.

కేసెట్లు ఎక్కడున్నాయంటే, నా పక్కనే. మంచి బాక్సులన్నీ వేరే మైకాయన తీసుకెళ్ళాడు. అతుకేసిన బాక్సు తనకొద్దన్నాడు. దాన్ని అమ్మ నా గదిలో పెట్టి మీద ఇస్త్రీ బట్టలు సర్దింది. వెనక చెక్క విప్పితే లోపల బోలెడు చోటు, కేసెట్లన్నీ పట్టేశాయి. ఇందాక ఒక కేసెట్ తీసి చూశాను. అట్ట వెనక బాబాయ్ పెన్నుతో రాసుకున్నాడు, ఈ గర్రు బాక్సులోనే బాగుంటాది అని. ఎప్పుడు రా

తలుపు కొడుతున్నారు.

నాలుగు దెబ్బలు, ఆగి ఆగి, సమానంగా. పాట వేసేముందు బాబాయ్ బాక్సు మీద వేళ్ళ కణుపులతో లెక్కపెట్టినట్టే ఉంది. ఒక్క క్షణం ఆయనే అనుకున్నాను. కాదు, నాన్న. అన్నదమ్ములు కదా.

"అమ్మా, ఆ పెట్టె విప్పాను. నీ పుస్తకాలున్నాయేంటి అందులో?"

గొంతు పెంచలేదు. కట్టేసిన పెట్టెని ఈయన ఎందుకు విప్పాడు? సోడా అని అనాలి. ఇప్పుడే అనాలి, అరవకుండా, దరువులో. ముందు ఈ కాయితాలు దాచాలి. మళ్ళీ కొడుతున్నాడు. కొట్టినప్పుడల్లా బాక్సులో నా నోటుబుక్కు అట్ట ముక్క చిన్నగా వణుకుతోంది. దాని వెనక్కే తోసేస్తు