రేగడి పల్లంలో ముప్పై గజాలు

ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే కంకర రోడ్డు మీదే ఆదెయ్య బతుకంతా గడిచింది. గడ్డపార పట్టిన కూలీగా చేరి, ముప్పై అయిదో ఏట రోడ్డు కూలీల గ్యాంగుకు మేస్త్రీ అయ్యాడు. చెప్పిన రోజుకి పని ముగిస్తాడని ఆయనకు పేరు. ఆ పేరంటే ఆయనకు చెప్పలేనంత ఇష్టం.

1949 వేసవిలో ఉదయగిరికి ఇవతల రేగడి పల్లంలో పని జరుగుతోంది. చుట్టుపక్కల అంతా ఎర్రనేలే గానీ అక్కడ మాత్రం నల్లరేగడి. ఎండలకు బీటలు వారుతుంది, వానలకు ఉబ్బి ముద్దవుతుంది. అలాంటి చోట మూరెడు లోతు మట్టి తీసి, అడుగున పెద్దరాళ్లు బిగించి పేర్చాలి. వాటి మీద కంకర, ఆపైన గరుసుమట్టి పోసి, నీళ్లు చల్లి రోలరు తోలాలి. రోడ్డు నిలబడేది ఆ అడుగురాళ్ల మీదే. పైన పోయేవాళ్లకు మాత్రం అవి కనిపించవు.

ఆ రాళ్లు కొండ కింది నుంచి జోడెడ్ల బండి మీద తోలింది హుసేనయ్య. ఆదెయ్య ఈడువాడే. మధ్యాహ్నం పూట ఒకరి సద్ది ఇంకొకరు తినేవాళ్లు.

ఇంకో ముప్పై గజాలు ఉందనగా రాళ్లు అయిపోయాయి. రాళ్లు కొట్టేవాళ్లు జాతరకు పోయారు, నాలుగు రోజులకు గానీ రారు. తోలేందుకు ఏమీ లేక హుసేనయ్య తన ఊరికి వెళ్లిపోయాడు. రోలరేమో శనివారం కలిగిరికి పోవాలి. శుక్రవారానికి ముగిస్తానని ఆదెయ్య ఓవర్సీరు జనార్దనయ్యకు మాటిచ్చి ఉన్నాడు. అడిగితే ఆయన గడువు ఇచ్చేవాడే. ఆదెయ్య అడగలేదు. ఆ ముప్పై గజాలూ మట్టి మీదే కంకర పరిపించాడు.

కంకర మోస్తున్న రెబెకమ్మ తట్ట దించి నిలబడింది. "మేస్త్రీ, ఈడ అడుగున రాళ్లు పడలేదే?"

"నువ్వేమన్నా ఓవర్సీరువా? పొయ్యమన్న కాడ పొయ్యి."

ఆమె తట్ట ఎత్తి పోసింది. కూలి పోతుందని మిగతావాళ్లూ పోశారు. శుక్రవారం సాయంత్రానికి రోడ్డు నున్నగా మెరిసింది. జనార్దనయ్య ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి చూసి, "నీ మాటంటే మాటే ఆదెయ్యా" అన్నాడు.

కార్తీకంలో నాలుగు రోజులు ఆగకుండా వాన కురిసింది. అయిదో రోజు పొద్దున్నే సీతారామపురం నుంచి చింతపండు బస్తాలతో ఆత్మకూరికి పోతున్న హుసేనయ్య బండి సరిగ్గా అక్కడే బోల్తాపడింది. ఎడమ చక్రం కంకరను చీల్చుకుని ఇరుసు దాకా దిగిపోయింది. ఒక ఎద్దు మెడ విరిగి చచ్చింది. హుసేనయ్య కుడికాలు బండి కింద నలిగింది.

దగ్గర్లో పనిచేస్తున్న గ్యాంగు పరుగెత్తింది. స్పృహలేని హుసేనయ్యను నెల్లూరు పోయే బస్సులో ఎక్కించారు. ఆదెయ్య గుంటలోకి తొంగిచూశాడు. పైన జానెడు కంకర, కింద నల్లటి బురద. బస్సు ఇంకా కనుమరుగు కాలేదు, గుంట పూడ్చమని కూలీలను కేకేశాడు.

మధ్యాహ్నం జనార్దనయ్య వచ్చి ఎలా జరిగిందని ఆదెయ్యను అడిగాడు.

"రేత్రంతా బండి తోలి కునికినట్టుండాడయ్యా. చక్రాన్ని రోడ్డంచు దించేసినాడు."

ఆ మాట నోటి నుంచి ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. పక్కనే ఉన్న రెబెకమ్మ ఆయన ముఖంలోకి ఒక్కసారి చూసింది. ఆ వారమే పని మానేసి, కొండాపురంలో అక్క దగ్గరికి వెళ్లిపోయింది.

ఆసుపత్రిలో హుసేనయ్య కాలు మోకాలి దాకా తీసేశారు. బోల్తాపడ్డప్పటి సంగతి అతనికి గుర్తులేదు. నిద్రపోయాడని అందరూ అంటే తనూ నమ్మాడు. నిద్రపోతు మనిషని ఎవరూ సరుకు అప్పగించక, మిగిలిన ఎద్దును అమ్మేశాడు. అరుగు మీద కూర్చుని పగ్గాలు పేనడం మొదలుపెట్టాడు. భార్య వెంగమ్మ కూలికి పోయేది.

తనకున్న కాస్త చేలో పండిన గింజలో కొంత ఆదెయ్య ఆ ఇంటికి మోసేవాడు. ఎవరైనా రోడ్డును తిడితే హుసేనయ్య ఒప్పుకునేవాడు కాదు. "మా ఆదెయ్య వేసిన రోడ్డుకేంది? నేనే కునికి నా ఎద్దును నేనే చంపుకున్నా" అనేవాడు. ఆ మాటలు వింటూ ఆదెయ్య ఆ ఇంట మంచినీళ్లు కూడా తాగలేకపోయేవాడు. ఏటా వానలకు ఆ ముప్పై గజాలు కుంగేవి, ఏటా ఆయనే గరుసు పోసి సరిచేసేవాడు. అసలు సంగతి తన పెళ్లాం రోశమ్మకు కూడా చెప్పలేదు.

ఆరేళ్లు గడిచాయి. 1955 వానల్లో అక్కడే బస్సు చక్రం దిగబడింది. బస్సు ఒక పక్కకు ఒరిగి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అందులోంచి ఒక బాలింత పసిబిడ్డను గుండెకు హత్తుకుని దిగడం ఆదెయ్య చూశాడు. పార అక్కడే పడేసి నేరుగా హుసేనయ్య ఇంటికి నడిచాడు.

అరుగు కింద నిలబడే చెప్పాడు. రాళ్లు వేయకపోవడం, గుంట పూడ్పించడం, కునికినాడని తానే పుట్టించడం, ఏదీ దాచలేదు.

హుసేనయ్య చేతిలోని పగ్గం ఆగిపోయింది. "అంటే నేను నిద్రపోలేదా?"

"లేదురా."

"ఆరేండ్లు... నా పెండ్లాం కూడా నన్ను అదే అనింది గదరా!" ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. ఆదెయ్య దగ్గరికి పోబోతే చేయి అడ్డం పెట్టాడు. "నాకు చెప్తే చాలదు. అందరిముందర చెప్పాల. నేను నిద్రపోలేదని నీ నోటితోనే చెప్పాల."

మరుసటి రోజు ఉదయగిరి బస్సులు ఆగేచోట, హోటలు ముందు, జనం చూస్తుండగా ఆదెయ్య చెప్పాడు. ఎవరో ఉమ్మేశారు. హుసేనయ్య కర్ర మీద ఆనుకుని చివరి దాకా విని, వెంగమ్మతో ఇంటికి వెళ్లిపోయాడు.

జనార్దనయ్య అంతా విని పైఅధికారులకు రాశాడు. ఆదెయ్య మేస్త్రీ పని పోయింది. కూలీగా ఉంటానని బతిమాలి అడిగితే ఉంచారు. మరుసటి వేసవిలో పల్లం తవ్వి ముప్పై గజాలూ మళ్లీ వేశారు. ప్రతి అడుగురాయీ ఆదెయ్య తన చేత్తో కదిపి చూసి పేర్చాడు. ఆ తర్వాత అక్కడ రోడ్డు కుంగలేదు.

తర్వాత ఊళ్లోవాళ్లు హుసేనయ్యకు మళ్లీ సరుకు అప్పగించారు. అల్లుడు తన ఎడ్లు కట్టి బండి తోలుతుంటే పక్కన కూర్చుని వెళ్లేవాడు. బండి కనిపిస్తే ఆదెయ్య పార దించి పక్కకు జరిగేవాడు. హుసేనయ్య తలతిప్పి చూసేవాడు కాదు. పనిలో ఉన్నన్నాళ్లూ ఆదెయ్య, హుసేనయ్య తిడతాడేమోనని ఎదురుచూశాడు. ఒక్కనాడూ తిట్టలేదు.