పన్నెండు వారాల ‘జర ఇనుండ్రి’

మొన్న ఆదివారం మా అమ్మాయి ఫోనులో ఏదో చూస్తూ ఒక్కతే నవ్వుకుంటోంది. ఏమిటని అడిగితే, పాత రోజుల్లో టీవీలో వచ్చి నాలుగు వారాలకే మూతపడిన చెత్త కార్యక్రమాలన్నీ ఎవరో ఏరి ఒకచోట పెట్టారని చెప్పింది. నేనూ పక్కన కూర్చుని కాసేపు చూశాను. అట్టముక్కల కోటలు, మాట్లాడుతుండగా ఊడిపోయే మీసాలు, ప్రశ్నలోనే జవాబు చెప్పేసే క్విజ్‌లు. బాగానే ఉన్నాయి గాని, అన్నీ చూశాక నాకు లోలోపల కొంచెం గర్వంగా అనిపించింది. మా ఇంట్లోంచి వచ్చిన కార్యక్రమం ముందు ఇవేవీ నిలవవు. ఆ మాటే అన్నాను. “మనింట్ల నుంచి టీవీ ప్రోగ్రామా?” అంది మా అమ్మాయి, ఫోను పక్కన పెట్టి. నాగర్‌కర్నూల్‌లో పుట్టి పెరిగిన పిల్ల. గద్వాల ఇల్లంటే దానికి సెలవులకు వెళ్లే మేనమామ ఇల్లు, అంతే. ఆ ఇంటి ముందుగదిలో ఏం జరిగిందో దానికి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

మాది నేత ఇల్లు. ఆ ముందుగదిలో మా నాయన గుంటమగ్గం ఉండేది. నాయన మోకాళ్లు గుంటలోకి దిగనివ్వని రోజు వచ్చింది. మా అన్నకేమో మగ్గం మీద మనసు లేదు. అతను మిద్దె మీద డిష్షులు పెట్టి, వీధి వీధికీ, ఆపైన చుట్టుపక్కల ఊళ్లకూ తీగలు లాగి, కేబుల్ వాడయ్యాడు. మగ్గం విప్పి అటక మీద పెట్టారు గాని గుంట పూడ్చడానికి నాయన ఒప్పుకోలేదు. దాని మీద చెక్కలు పరిచారు. ఆ చెక్కల మీదే ఒక బల్ల, ఒక కుర్చీ, వెనక నీలం తెర వేసి, రెండు వేల తొమ్మిది ఎండాకాలంలో మా అన్న సొంత ఛానల్ మొదలుపెట్టాడు. కెమెరా పట్టింది పెళ్లి వీడియోలు తీసే అతను. అతనికి అలవాటైన పద్ధతి ఒకటే కాబట్టి మా ఛానల్లో ఏ కార్యక్రమం మొదలైనా ముందు పైనుంచి గులాబీ రేకులు రాలేవి, ఒక హంస ఈదుకుంటూ వచ్చేది, హంస రెక్కలు విప్పితే అందులో పేరు కనిపించేది. వాతావరణం చెప్పినా హంసే, తాగునీరు రాదని మున్సిపాలిటీ ప్రకటన చదివినా హంసే.

మొదట వంటల కార్యక్రమం పెట్టారు. మా మేనత్త బొబ్బట్లు చేసి చూపించాలి. పప్పు ఉడకబెట్టి, బెల్లం వేసి, ఆమెకు విసుగొచ్చి “మిగిలింది మీకు ఎరికే గద” అని లేచి వెళ్లిపోయింది. రెండో వారం రానే లేదు. తర్వాత క్విజ్. పదవీ విరమణ చేసిన మా లెక్కల సారు అడిగేవాడు. తప్పు జవాబు చెప్పినవాళ్లను ఊరంతా వింటుండగా, తండ్రి పేరుతో సహా తిట్టేవాడు. మూడో వారానికి ఫోను చేసే ధైర్యం గద్వాలలో ఎవరికీ మిగల్లేదు. ఇంకేం చేయాలో తోచక మా అన్న, మా వదినను కుర్చీలో కూర్చోబెట్టాడు.

అదే ‘జర ఇనుండ్రి’. గురువారం మధ్యాహ్నం మూడు గంటలకు. ఫోను చేసి పాట అడగాలి, ఆమె రెండు ముక్కలు మాట్లాడి పాట వేయాలి. ఇంతకంటే తేలికైన కార్యక్రమం లేదు. కాని మా వదినకు పాటల మీద ఏ ఆసక్తీ లేదు. ఆమెది అలంపూర్ దాటాక తుంగభద్ర ఒడ్డున ఊరు. అక్కడ కొత్త మనిషి కనిపిస్తే మొదటి మాట “ఎవరింటోళ్లు మీరు?” అనే. కెమెరా ముందు కూడా అదే. ఎవరింటి పిల్లవు, మీ అవ్వ పానం ఎట్లున్నది, మీ పెద్దక్కను ఏ ఊరికిచ్చిండ్రు, ఆ ఊర్ల ఫలానా వాళ్లు మీకేమైతరు. అడుగుతూ అడుగుతూ పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. ఆమె ముందుకు వంగినప్పుడల్లా కింద గుంట మీద చెక్కలు కిర్రుమనేవి. అరగంట గడిచిపోయేది, పాట వచ్చేది కాదు. మొత్తం పన్నెండు వారాల్లో మూడు పాటలు వేసిందని గుర్తు. ఊళ్లో కుర్రకారు కావాలని ఫోను చేసి, లేని అత్తలను, లేని మేనమామలను పుట్టించి ఆమెను తిప్పలు పెట్టేవారు. ఆమె వదిలేది కాదు. “ఆ ఇంట్ల గా పేరుతోని ఎవ్వరు లేరే, మల్ల జర యాది చేసుకో” అనేది, చాలా మర్యాదగా. కూరగాయల బజారులో నన్ను చూసి కూడా నవ్వేవారు. నేనప్పుడు డీఎడ్ చదివి ఉద్యోగం కోసం చూస్తున్నాను. ఖాళీగా ఉన్నానని ఫోను ఎత్తి ఆమెకిచ్చే పని నాకు అప్పగించారు. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

పన్నెండో వారం అయ్యాక మా అన్న అన్నం తింటూ తల ఎత్తకుండా, “వచ్చే వారంకెల్లి బంద్ చేద్దాం” అన్నాడు. వదిన “సరే” అని పప్పు వడ్డించింది. బాధపడిందో లేదో నాకు తెలియలేదు.

ఆ మర్నాడే వరద. దసరా వెళ్లి నాలుగు రోజులైంది. తుంగభద్ర ఊళ్ల మీద పడిందని సాయంత్రానికి తెలిసింది. తెల్లారేసరికి ట్రాక్టర్లలో, లారీల్లో మనుషులు గద్వాలకు రావడం మొదలైంది. మా వీధి చివరి బడిలో వాళ్లను దింపారు. తడి బట్టలు, చేతిలో ఏమీ లేదు. ఒకావిడ చేటొకటి పట్టుకొచ్చింది, అదే ఎందుకు తెచ్చిందో ఆమెకే తెలియదు. వదిన తల్లిదండ్రుల ఊరికి ఫోను కలవడం లేదు. ఆమె కొంగు నడుముకు చుట్టుకుని బడికి వెళ్లింది, నేనూ వెంట వెళ్లాను. తన ఊరివాళ్లు ఒక్కరూ లేరు. కాని వెళ్లిన ప్రతి గదిలోనూ మనుషులు ఆమె మొహం గుర్తుపట్టారు. టీవీల వచ్చే అక్క కదా అని చుట్టూ చేరి, మా అత్తను చూసినవా, మా తమ్ముడు యాడన్న కనపడ్డడా అని అడిగారు. ఆమె నా చేతిలోని నోటుపుస్తకం లాక్కుని రాసుకోసాగింది.

ఇంటికి వచ్చి నేరుగా ఆ కుర్చీలో కూర్చుంది. “కెమెరా పెట్టుండ్రి” అంది.

“ఇప్పుడు ప్రోగ్రాం ఏంది?” అన్నాడు అన్న.

“ప్రోగ్రాం గాదు. పేర్లు చదువుత. మన నంబరు అందరికి ఎరికే గద.”

అది నిజం. ఏడిపించడానికైనా సరే, ఆ నంబరుకు ఫోను చేయని ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు. కరెంటు వస్తూ పోతూ ఉండడంతో అన్న జనరేటర్ వేశాడు. ఆ గాభరాలో కెమెరా అతనికి హంసను తీసేయాలని తోచలేదు. గులాబీలు రాలాయి, హంస వచ్చింది, రెక్కలు విప్పింది. ఎవరూ నవ్వలేదు.

ఆ మూడు రోజులు నేను చూసింది ఎలా చెప్పాలో నాకిప్పటికీ తెలియదు. పొద్దున ఏడింటికి కూర్చుంటే దీపాలు పెట్టేదాకా లేచేది కాదు. వనపర్తి నుంచి, అయిజ నుంచి, ఎవరెవరో బంధువుల ఇళ్లనుంచి ఫోన్లు. ఫలానా పేరు అంటే చాలదు, ఆ పేరున్నవాళ్లు ఒక్కో ఊళ్లో నలుగురుంటారు. “ఏ లక్ష్మమ్మ? మగ్గాలోళ్ల కోడలా, చెర్వు కింద పొలమున్నోళ్ల బిడ్డనా? పెద్దకొడుకు ఏం పని చేస్తడు?” అని అడిగి, నేను నింపుతున్న పేజీలు ఒక్క క్షణం చూసి, “ఆమె మా బడిల ఉన్నది. ఎడమ చేయికి పచ్చబొట్టు ఉంటది, గామెనే గద?” అనేది. అవతల ఏడుపు వినిపించేది. పన్నెండు వారాలు నేను ఏ ప్రశ్నలకు తలదించుకున్నానో అవే ప్రశ్నలు. వాటికి ఇంత బలం ఉందని నాకు ఊహలో కూడా లేదు. అన్న బడి వరండాలోకి తీగ లాగి టీవీ పెట్టాడు. ఒక ముసలమ్మ తన కొడుకు గొంతు టీవీలో వినిపిస్తే లేచి వెళ్లి, టీవీని రెండు చేతులతో పట్టుకుని, అన్నం తిన్నావా నాయనా అని దాన్నే అడిగింది. పక్కనున్నవాళ్లకు ఆమెను కూర్చోబెట్టడానికి చాలాసేపు పట్టిందని అన్న వచ్చి చెప్పాడు.

ఈ మూడు రోజుల్లోనూ వదిన పుట్టింటి కబురు లేదు. అడగాలంటే మాకు భయం. మూడో రోజు మధ్యాహ్నం వేరే మండలం బడి నుంచి ఒక సారు ఫోను చేసి, అక్కడ చేరినవాళ్ల పేర్లు చదవసాగాడు. వదిన ఒక్కో పేరూ పైకి పలుకుతుంటే నేను రాస్తున్నాను. ఆరో పేరు వాళ్లమ్మది. ఇంటిపేరుతో సహా. నా చేతిలో పెన్ను ఆగిపోయింది. వదిన గొంతు మారలేదు. ముందరి ఐదు పేర్లు ఎలా చదివిందో ఇదీ అలాగే చదివింది. ఊరు చెప్పింది, వయసు చెప్పింది, “వీళ్లకు సంబంధించినోళ్లు ఎవరన్న ఉంటే ఇనుండ్రి, మనిషి బాగున్నది” అని చెప్పి ఏడో పేరుకు వెళ్లింది. అలా పద్నాలుగు పేర్లు. అయిపోయాక ఒక్కసారి ఆగి, “అన్నా, ఇంకొక్క పేరు లేదా? జర మల్ల చూడు” అంది.

“లేదక్కా. గింతే.”

“సరే అన్నా, పెట్టేయి.”

ఫోను నా చేతికిచ్చింది. “పిల్లా, నీళ్లియ్యి” అంది. చెంబెడు నీళ్లు ఒక్క గుక్కలో తాగింది. లేపుదామని నేను భుజం పట్టుకున్నాను. “ఆగు, ఫోను మోగుతున్నది” అంది. మోగుతోంది నిజమే. తీసుకుంది. “చెప్పమ్మా, ఎవరింటోళ్లు?”

వాళ్ల నాయన ఆచూకీ వారం దాకా తెలియలేదు. ఎవరిదో మిద్దె మీద రెండు రాత్రులు గడిపాడట. పడవలో వచ్చినవాళ్లు నది అవతలి ఒడ్డుకు తీసుకెళ్లారట. ఒకరోజు పొద్దున్నే మా గుమ్మంలో నిలబడ్డాడు, ఇద్దరు మనుషులు పట్టేంత పెద్ద చొక్కా వేసుకుని. ఎవరో దానం ఇచ్చిందట. వదిన ఆయన్ను చూసి, దగ్గరికి వెళ్లి, మోచేతుల కిందికి వేలాడుతున్న ఆ చొక్కా చేతులు ఒక్కో మడతా మడిచి పైకి పెట్టింది. అప్పుడు ఏడ్చింది. ఆయనకు ఏం చేయాలో తోచక, “అక్కడ చాయ్ సుత సక్కగ పొయ్యలేదు బిడ్డా” అన్నాడు. వాళ్లదీ మాలాగే నేత ఇల్లు. ఆ ఇల్లు మాత్రం పోయింది, మగ్గాలు రెండూ బురదలోనే పోయాయి. తర్వాత నాలుగు నెలలు వాళ్లిద్దరూ మా ఇంట్లోనే ఉన్నారు.

‘జర ఇనుండ్రి’ మళ్లీ రాలేదు. బడి ఖాళీ అయ్యాక ఊరు కోలుకుంది, ఛానల్లో సినిమాలు వేశారు. కొన్నేళ్లకు ఇంటింటికీ సెట్‌టాప్ బాక్సులు వచ్చి ఛానల్ కూడా పోయింది. ఆ క్యాసెట్లేవీ మిగల్లేదు, ఆ రోజుల్లో ఎవరికీ దాచాలని తోచలేదు. ఇదంతా మా అమ్మాయికి చెప్పి, అక్కడికక్కడే గద్వాలకు ఫోను కలిపాను. ఆ పద్నాలుగు పేర్లు గుర్తున్నాయా వదినా అని అడిగాను. “ఏందో పిల్లా, నాకేం యాదికి లేవు. మా అమ్మ పోయి కూడ ఆరేండ్లాయె” అంది, ఇంకేవో ఇంటి మాటల్లో పడిపోయింది. నాకు మాత్రం ఆ మూడు రోజుల్లో ప్రతి గంటా గుర్తుంది. ఆ తర్వాతి ఏళ్లు ఎటు వెళ్లాయో చెప్పమంటే చెప్పలేను. కష్టం వచ్చినప్పుడు కాలం మన పక్కనే కూర్చుని ఓపిగ్గా కదిలిందనీ, మనం తేరుకున్న మరుక్షణం చెప్పకుండా లేచి వెళ్లిపోయిందనీ ఇప్పుడు అనిపిస్తోంది.